ఎమర్జెన్సీ డ్యూటీలో అడుగుపెట్టిన డాక్టర్ అమ్ములుకి

చిరంజీవి అమ్ములుకి,
అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నాన్న, నానమ్మ, నేను క్షేమం. మొన్న ఫోన్లో నువ్వన్న మాట గురించి ఆలోచిస్తూ ఈ ఉత్తరం రాస్తున్నాను. "పేషెంటు చెప్పేదంతా వింటూ నిలబడితే పక్క బెడ్డు మీద ఇంకొకరి ప్రాణం మీదికొస్తుందమ్మా, ఎమర్జెన్సీలో అంత టైమ్ ఎక్కడుంది" అన్నావు. నీ టెన్షన్ నాకు తెలియనిది కాదు. స్టాఫ్ నర్సుగా నా సర్వీసులో ఎక్కువ భాగం క్యాజువాలిటీలోనే గడిచింది. ఒక్క స్ట్రెచర్ కోసం ఇద్దరు పేషెంట్లు, తలుపు దగ్గర కానిస్టేబుల్, నేల మీద వాంతి, ఒక మూల ఏడుపు, ఇంకో మూల "డాక్టరెక్కడ?" అని కేకలు. ఆ గోలంతా తెలిసే చెబుతున్నాను, అక్కడ వినడం కూడా వైద్యంలో భాగమే తల్లీ. నాడి చూడటం, బీపీ చూడటం ఎంత అవసరమో, ఎదుటి మనిషి చెప్పేది చివరిదాకా వినడం అంతే అవసరం.

వింటూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుందన్న భయం నీ ఒక్కదానిదే కాదు. అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు పరిశోధకులు, డాక్టర్ల గదుల్లో జరిగే మాటలు రికార్డు చేసి 1984లో ఒక పరిశోధన ప్రచురించారు. రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టాక సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డుపడుతున్నాడని తేలింది. మరి అడ్డుపడకపోతే ఎంతసేపు మాట్లాడతారు? 2002లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ ఆసుపత్రిలో ఆ సంగతీ చూశారు. తమంతట తాము ఆపేదాకా వదిలేస్తే సగటున 92 సెకన్లు. అవి ఓపీ లెక్కలే, ఒప్పుకుంటాను. ఊపిరందక కొట్టుకుంటున్నవాణ్ణి ముందు గాలి ఆడేలా చెయ్యాలి, కథ తర్వాత. అందులో నీకూ నాకూ పేచీ లేదు. కానీ నీ దగ్గరికొచ్చేవాళ్లలో చాలామంది మాట్లాడగలిగే స్థితిలోనే వస్తారు. లేదంటే మాట్లాడగలిగే మనిషిని వెంటబెట్టుకుని వస్తారు. నేను చెప్పేది వాళ్ల గురించి.

మన డెల్టాలో వరినాట్ల కాలం వస్తే పాముకాట్లు ఎలా ఉంటాయో నీకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పొలంలో రక్తపింజరి కరిస్తే కాలు వాస్తుంది, నొప్పి ఉంటుంది, కరిచిన చోటు కనిపిస్తుంది. అది ఎవరూ దాచలేరు. కట్లపాము సంగతి వేరు. రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా కనపడదు. ఒక వానాకాలం తెల్లవారుజామున ఒక కూలీ కుర్రాణ్ణి కడుపునొప్పి అని తీసుకొచ్చారు. గ్యాస్ ఇంజెక్షన్ ఇచ్చి కాసేపు చూసి పంపేద్దామనే అనుకున్నారు అందరూ. వెంట వచ్చిన ముసలమ్మ మాత్రం "వీడు కళ్లు పూర్తిగా తెరవట్లేదు నాయనా, నిద్ర మత్తు ఇంతసేపు ఉంటదా" అని అందరి చుట్టూ తిరుగుతోంది. ఎవరూ పట్టించుకోవట్లేదు. అప్పుడు డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ఆమె పక్కన ఆగి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "రాత్రి ఎక్కడ పడుకున్నాడమ్మా?" కళ్లంలో, నేల మీద, చాప వేసుకుని. అంతే, ఆయన కుర్రాడి మెడ ఎత్తమన్నాడు. ఎత్తలేకపోయాడు. యాంటీవీనమ్ మొదలుపెట్టి, వెంటిలేటర్ సిద్ధం చేయించాడు. గంట తిరక్కుండా ఆ కుర్రాడికి శ్వాస కండరాలు పనిచేయడం మానేశాయి. ట్యూబ్ వేసి ఉంచాం కాబట్టి బతికాడు. ఏ ల్యాబ్ రిపోర్టూ ఆ పాము పేరు చెప్పలేదు. రక్తం గడ్డకట్టే పరీక్ష పింజరి విషానికి పనికొస్తుంది, కట్లపాముకి అది మామూలుగానే వస్తుంది. ఆ ముసలమ్మ మాట ఒక్కటే దారి చూపింది.

పక్షవాతం కేసుల్లో అడిగే తీరు ఇంకా ముఖ్యం. "ఎప్పుడొచ్చింది?" అంటే "ఇప్పుడేనండి, పొద్దున ఆరింటికి" అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, ఆరింటికి లేపితే చెయ్యి పడిపోయి ఉందని వాళ్ల ఉద్దేశం. "చివరిసారి మామూలుగా మాట్లాడటం ఎప్పుడు చూశారు?" అని అడిగితే రాత్రి పదింటికి అన్నం తిని పడుకున్నాడని చెబుతారు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలని నువ్వు నాకన్నా బాగా చదివావు. ఆ నాలుగున్నర గంటలు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో చెప్పేది ఇంటి మనిషే. పదింటికి, ఆరింటికి మధ్య బాత్రూమ్‌కి లేచాడా, ఎవరితోనైనా మాట్లాడాడా అన్నది కూడా అడుగు. ఆ ఒక్క జవాబు మీద మొత్తం చికిత్స మారిపోవచ్చు.

పురుగుమందు కేసుల దగ్గర నువ్వు ఎక్కువ ఓపిక పట్టాలి. మన జిల్లాల్లో ఆ డబ్బా లేని రైతిల్లు ఉండదు. తాగినవాళ్లను తెచ్చేవాళ్లు ముందు "కడుపునొప్పి", "ఫుడ్ పాయిజన్", "పొరపాటున తాగింది" అనే చెబుతారు. పోలీసులొస్తారని భయం, పెళ్లికావాల్సిన పిల్ల అయితే ఊళ్లో పరువు భయం. వాళ్ల మీద అరిస్తే ఇంకా బిగుసుకుపోతారు. ఏం తాగిందో తెలియకుండా ఎలా వైద్యం చేస్తాం? ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు అయితే కంటిపాపలు చిన్నవైపోతాయి, నోటి వెంట నురగ, ఒళ్లంతా చెమట. దానికి అట్రోపిన్ అనే విరుగుడు ఇంజెక్షన్ ప్రాణం నిలబెడుతుంది. కలుపుమందు పారాక్వాట్ అయితే అట్రోపిన్ వల్ల ఏ ఉపయోగమూ లేదు. పైగా అవసరం లేకుండా ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తులకి ఇంకా చేటు. రెండింటికీ తేడా తేల్చేది ఆ డబ్బా. దాన్ని తేవడానికి ఇంటికి ఒక మనిషిని పంపించాలంటే, ముందు వాళ్లు నిన్ను నమ్మాలి.

నేను చూసిన మంచి డాక్టర్లు ఇలాంటప్పుడు ఏం చేసేవాళ్లో చెబుతాను. గుంపునంతా బయటికి పంపి, ఇంట్లో ఒక్కరిని ఉంచి, గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. పోలీసు కేసు ఉండదని అబద్ధం చెప్పేవాళ్లు కాదు. "ఎంఎల్‌సీ, అంటే పోలీసులకి తెలియజేసే మెడికో లీగల్ కేసు, రాయడం మా బాధ్యత, రాస్తాం. అది వైద్యానికి అడ్డం కాదు. మీరు డబ్బా పేరు చెబితే మందు ఇప్పుడే మొదలవుతుంది" అని ఉన్నదున్నట్టు చెప్పేవాళ్లు. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే కదా, ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం కాపాడాలి, పోలీసు వ్యవహారం తర్వాత. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని అంటోంది. ఈ రెండు సంగతులు ఊళ్లలో చాలామందికి తెలియవు. నువ్వు ఒక నిమిషంలో చెప్పగలవు. ఆ పిల్ల కోలుకున్నాక కూడా ఎందుకు తాగావని అందరి ముందూ నిలదీయనివ్వకు. ఎవరూ లేనప్పుడు పక్కన కూర్చుని, ఇంట్లో ఏం జరుగుతోందో అడుగు. సైకియాట్రీకి పంపేటప్పుడు ఎందుకు పంపుతున్నావో ఆ పిల్లకే చెప్పు.

ఒంటరిగా మాట్లాడటం అన్నాను కాబట్టి ఇదీ రాస్తున్నాను. కడుపునొప్పితో, కళ్లు తిరుగుతూ వచ్చిన ఆడపిల్లని నెల తప్పిందా అని తల్లి ముందు అడిగితే లేదనే అంటుంది. ట్యూబులో గర్భం పగిలి లోపల రక్తం పోతున్నా లేదనే అంటుంది. మెట్ల మీంచి పడ్డానని చెప్పే ఇల్లాలు భర్త పక్కనుండగా ఇంకో మాట చెప్పదు. "పరీక్ష చెయ్యాలి, కాసేపు బయట ఉండండి" అని అందరికీ ఒకే రూలు పెట్టు. ఎవరికీ అనుమానం రాదు.

నీకు విశాఖలో ఇంకో కష్టం ఉంటుంది. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చేవాళ్లలో కువి అనే ఆదివాసీ భాష, ఒడియా తప్ప తెలుగు అంతంతమాత్రంగా వచ్చినవాళ్లు ఉంటారు. పోర్టు పనులకీ ఫ్యాక్టరీలకీ వచ్చిన బీహారు, ఒడిశా కుర్రాళ్లు ఉంటారు. భాష రాకపోతే మనిషి తలూపుతాడు. అన్నిటికీ తలూపుతాడు. అది చూసి అర్థమైందనుకోకు. మన్యం నుంచి పేషెంటుతో ఆశా వర్కర్ వస్తే ఆమెను బయట బల్ల మీద కూర్చోబెట్టకుండా బెడ్డు దగ్గరికి పిలువు. ఎవరెవరికి ఏ భాష వచ్చో మీ డిపార్ట్‌మెంట్లో ఒక కాగితం మీద రాసి గోడకి అంటించుకోండి. సెక్యూరిటీ గార్డుకి ఒడియా రావచ్చు, శానిటేషన్ చేసే ఆమెకి కువి రావచ్చు. అర్ధరాత్రి అదే అక్కరకొస్తుంది.

ఇక నీతో పనిచేసేవాళ్ల సంగతి. అమ్ములూ, ఇది కాస్త పెద్దగా రాస్తాను, ఎందుకంటే నర్సుగా నా మనసుకి దగ్గరైన విషయం ఇదే.

2005లో ఇంగ్లండ్‌లో ఎలైన్ బ్రోమిలీ అనే 37 ఏళ్ల ఆమె, ఇద్దరు చిన్నపిల్లల తల్లి, మామూలు సైనస్ ఆపరేషన్‌కి వెళ్లింది. మత్తు ఇచ్చాక గాలి దారి మూసుకుపోయింది. అనుభవం ఉన్న డాక్టర్లు ముగ్గురు ట్యూబ్ వెయ్యడానికి ప్రయత్నిస్తూనే ఉన్నారు. ఆక్సిజన్ పడిపోతోంది, నిమిషాలు గడిచిపోతున్నాయి. ఒక నర్సు గొంతు దగ్గర రంధ్రం చేసే ట్రేకియాస్టమీ సెట్ తెచ్చి, ఇక్కడుంది అని చెప్పింది. ఇంకో నర్సు ఐసీయూలో బెడ్డు సిద్ధం చేయించి వచ్చి చెప్పింది. డాక్టర్లు చూసిన చూపుకి తానే అతి చేస్తున్నానేమో అనుకుని ఆ బెడ్డు వద్దని చెప్పేసింది. ఎలైన్ తెలివిలోకి రాలేదు, కొన్ని రోజులకు చనిపోయింది. ఆమె భర్త మార్టిన్ విమానం నడిపే పైలట్. ఆయన ఎవరినీ తిట్టలేదు. మా విమానాల్లో ఇలాంటిది జరిగితే ఏం జరిగిందో మొత్తం విచారిస్తాం, మీరెందుకు విచారించరు అని అడిగాడు. ఆ గదిలో ఏం చెయ్యాలో తెలిసినవాళ్లు ఉన్నారని, గట్టిగా చెప్పే వీలు లేకపోయిందని అప్పుడు తేలింది. 2007లో ఆయన ఆసుపత్రుల్లో ఇలాంటి లోపాల మీద పనిచేసే సంస్థ మొదలుపెట్టాడు.

పైలట్లకి ఆ పాఠం ఊరికే రాలేదు. 1977లో స్పెయిన్‌కి చెందిన టెనెరిఫే దీవిలో రన్‌వే మీద రెండు విమానాలు ఢీకొని 583 మంది పోయారు. ఎదురుగా ఇంకో విమానం ఉందేమోనని ఫ్లైట్ ఇంజనీరు అడిగాడు. కెప్టెన్ కొట్టిపారేశాడు. ఆ తర్వాతే, కాక్‌పిట్‌లో చిన్నవాడు పెద్దవాడికి అడ్డుచెప్పేలా, పెద్దవాడు వినేలా శిక్షణ మొదలైంది.

మన ఆసుపత్రుల్లో ఈ దూరం ఇంకా ఎక్కువ. ప్రొఫెసర్ ముందు పీజీ మాట్లాడడు, పీజీ ముందు హౌస్ సర్జన్ మాట్లాడడు, డాక్టర్ ముందు నర్సు మాట్లాడదు, ఎవరి ముందూ ఎమ్మెన్వో, అంటే వార్డులో సాయం చేసే మగ ఆర్డర్లీ, నోరు విప్పడు. స్ట్రెచర్ తోసేది అతనే, పేషెంటు ఒళ్లు చల్లబడింది ముందు తెలిసేదీ అతనికే. "మీకేమైనా అనుమానం వస్తే నాకు చెప్పండి" అని డ్యూటీ మొదట్లోనే అందరి ముందూ అను. అనడంతో సరిపోదు, చెప్పినప్పుడు నీ ముఖం ఎలా ఉందో వాళ్లు చూస్తారు. వాళ్ల అనుమానం తప్పని తేలినా "చెప్పి మంచి పని చేశారు" అనాలి. అలా అనకపోతే రెండోసారి చెప్పరు. ఆ రెండోసారే నిజంగా ప్రమాదం ఉండొచ్చు.

నోటి మాటతో ఆర్డర్లు ఇచ్చేటప్పుడు మరీ జాగ్రత్త. అడ్రినలిన్ సంగతే తీసుకో. గుండె ఆగిన మనిషికి ఒక మిల్లీగ్రాము నరానికి. ఇంజెక్షన్ పడక ఒళ్లంతా దద్దుర్లు లేచి గొంతు బిగుసుకుంటున్న మనిషికి అర మిల్లీగ్రాము తొడ కండకి. గోలలో "అడ్రినలిన్ ఇవ్వండి" అని వదిలేస్తే సిస్టర్ ఏది ఇవ్వాలి? మందు పేరు, ఎంత, ఎక్కడికి, మూడూ చెప్పు, ఎవరికి చెబుతున్నావో వాళ్ల వైపు చూసి చెప్పు. సిస్టర్ తిరిగి చెప్పేదాకా ఆగు. ఇచ్చాక "ఇచ్చాను" అనమని అడుగు. తిరిగి అడిగినందుకు చిరాకు పడే డాక్టర్లని చూశాను. ఆ చిరాకు నీకు అలవాటు కాకూడదని నా కోరిక.

108లో వచ్చే టెక్నీషియన్‌ని కూడా నిలబడి విను. ఆ సర్వీసు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. అంతకుముందు ఆటోల్లో, ఎడ్లబండ్లలో తెచ్చిన కేసులు నేను చూశాను కాబట్టి వాళ్ల విలువ నాకు తెలుసు. బండి ఎంత నుజ్జయిందో, హెల్మెట్ ఉందో లేదో, పక్క సీటులో మనిషి అక్కడికక్కడే పోయాడో లేదో అతను కళ్లారా చూశాడు. పడ్డాక కాసేపు బాగా మాట్లాడి తర్వాత మత్తులోకి జారాడా అన్నది అతనికే తెలుసు. ఆ ఒక్క మాట తల లోపల రక్తం పేరుకుంటోందని నీకు గుర్తుచేస్తుంది. సీపీఆర్ అవసరం లేకపోతే ఒక్క నిమిషం అందరూ చేతులాపి అతను చెప్పింది వినండి. స్ట్రెచర్ మారుస్తూ, బట్టలు కత్తిరిస్తూ వింటే సగం పోతుంది.

తల్లుల మాట కూడా. "మా బిడ్డ ఎప్పుడూ ఇలా ఉండదు" అని తల్లి అంటే మానిటర్ మీద అంకెలు బాగున్నా మళ్లీ చూడు. ఇంగ్లండ్‌లో 2021లో మార్తా మిల్స్ అనే 13 ఏళ్ల అమ్మాయి ఇన్ఫెక్షన్ ముదిరి ఆసుపత్రిలో చనిపోయింది. తల్లిదండ్రులు మొత్తుకున్నా పట్టించుకోలేదు. ఐసీయూకి ముందే మార్చి ఉంటే బహుశా బతికేదని విచారణలో తేలింది. 2024 నుంచి అక్కడి ఆసుపత్రుల్లో మార్తా పేరుతో ఒక నియమం తెస్తున్నారు. ఇంటివాళ్లకి అనుమానం ఉంటే వేరే డాక్టర్ల బృందం వెంటనే వచ్చి చూడాలని అడగొచ్చు. మన దగ్గర అలాంటి నియమం వచ్చేదాకా నువ్వే వెళ్లి ఇంకోసారి చూడు.

బయట నిలబడినవాళ్లకి ఏం జరుగుతోందో చెప్పు. గొడవలు ఎక్కువగా పేషెంటు పోయినందుకు మొదలవడం నేను చూడలేదు. గంటల తరబడి తలుపు మూసి, ఎవరూ ఒక్క మాట చెప్పక, చివరికి ఒక్కసారిగా పోయాడంటే మొదలవుతాయి. డాక్టర్ల మీద దాడులకి శిక్ష వేసే చట్టం మన రాష్ట్రంలో 2008 నుంచి ఉంది. ఉండాలి కూడా, ఏ కారణానికైనా డాక్టరు మీద చెయ్యెత్తడం తప్పే. అయినా నువ్వు వీలు దొరికినప్పుడల్లా బయటికొచ్చి "ఇప్పుడు ఇలా ఉంది, ఇది చేస్తున్నాం, ప్రమాదం ఉంది" అని చెప్పు. పరిస్థితి బాగాలేకపోతే మొదటిసారే చెప్పు. మనిషి పోయినప్పుడు కారిడార్‌లో నడుస్తూ చెప్పకు. లోపల కూర్చోబెట్టి, నువ్వూ కూర్చుని, పేరు పెట్టి, చనిపోయారని తేటగా చెప్పు. తర్వాత నువ్వు మాట్లాడకు. వాళ్లు ఏడుస్తారు, అరుస్తారు, అదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతారు. ప్రతిసారీ జవాబు చెప్పు. ఒక సిస్టర్‌ని తోడు పెట్టుకో.

నీకు తెలియనప్పుడు తెలియట్లేదని సీనియర్‌ని పిలవడం కూడా ఇందులోదే. రాత్రి రెండింటికి ఆయన విసుక్కుంటారు. విసుక్కోనివ్వు. ఏం అడగాలో ముందే ఒక వరుసలో అనుకుని ఫోన్ చెయ్యి. పేషెంటు ఎవరు, ఇప్పుడేం జరుగుతోంది, వెనక ఏముంది, నువ్వేమనుకుంటున్నావు, ఆయన్నుంచి ఏం కావాలి. రమ్మనాలనిపిస్తే "మీరు రావాలి సార్" అని సూటిగా అను.

మీ డిపార్ట్‌మెంట్లో కువి వచ్చినవాళ్లు ఎవరున్నారో కనుక్కుని ఈసారి ఫోన్ చేసినప్పుడు నాకు చెప్పు. నైట్ డ్యూటీకి ఖాళీ కడుపుతో వెళ్లకు. వచ్చే వారం మీ మావయ్య విశాఖ వస్తున్నాడు, సున్నుండలు పంపుతున్నాను. సిస్టర్లకి కూడా పెట్టు.

ఆశీస్సులతో,
అమ్మ